క్యాసెట్లు బీరువాలో, డ్రైవ్ తుక్కు కాంటా మీద

పోయిన నెల హన్మకొండలో ఒక సహకార సంఘం ఆఫీసు నుంచి ఫోన్ వస్తే వెళ్లాను. పేరు రాయను, అవసరం కూడా లేదు; ఇలాంటి ఆఫీసు మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. సూపరింటెండెంటు గారు నన్ను రికార్డు రూములోకి తీసుకుపోయి ఇనుప బీరువా తెరిచారు. పై అరలో డాట్ క్యాసెట్లు, అంటే కంప్యూటర్ డేటా బ్యాకప్ తీసే చిన్న టేపులు, వరుసగా నిలబెట్టి ఉన్నాయి. లెక్కపెడితే 27. ప్రతి డబ్బా మీదా నీలం సిరాతో గుండ్రటి చేతిరాత: ‘నెలాఖరు, నవంబర్ 2003’, ‘సంవత్సరాంతం, మార్చి 2004’. మధ్యమధ్యలో డాంబర్ గోలీలు, పట్టుచీరల మడతల్లో వేసినట్టు. ఎవరో చాలా శ్రద్ధగా దాచారు. ఆ రాసిన గుమాస్తా రిటైరై వెళ్లిపోయి చాలా ఏళ్లయిందట.

“తమ్మీ, ఇవి నీ లాప్‌టాప్‌ల పెడ్తే సూపెట్టదా?” అని అడిగారాయన.

“వీటిని చదివే డ్రైవ్ ఏది సార్?”

“అది ఖరాబైందని నాలుగేండ్ల కింద తీసేసినం. సర్వర్‌తోని కలిపి వేలంల వోయింది. కిలోల లెక్క.”

వాళ్లకు కావలసింది చిన్న సంగతి. ఒక రైతు పొలం తనఖా పెట్టి అప్పు తీసుకున్నాడు, 2004లో పూర్తిగా కట్టేశాడు. ఆయన చనిపోయాడు. ఇప్పుడు కొడుకు పొలం తన పేరు మీదికి మార్చుకోబోతే తనఖా ఇంకా అలాగే కనిపిస్తోంది. అప్పు తీరినట్టు కాగితం కావాలి. ఆ ఏడాది లెడ్జరు చెదలు తినేసింది. మిగిలింది ఈ క్యాసెట్లు. ఆ అబ్బాయి బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో తండ్రి పాస్‌బుక్కు.

ఆ రోజు ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఈ పని 2001 నుంచి చేస్తున్నాను. ఏఎంసీ కంపెనీల్లో, అంటే ఏడాది కాంట్రాక్టు మీద కంప్యూటర్లు బాగుచేసే కంపెనీల్లో, ఫీల్డ్ ఇంజనీరుగా మొదలుపెట్టి, తర్వాత సొంతంగా, ఇటు మంచిర్యాల నుంచి అటు జనగామ దాకా ఎన్ని సర్వర్ రూములు తిరిగానో లెక్కలేదు. ఇన్నేళ్లలో లోపల గట్టిపడిన అభిప్రాయం ఒకటి ఉంది, దాన్ని ఇప్పుడు రాసేయాలనిపించింది. టేపూ, దాన్ని చదివే డ్రైవూ కలిస్తేనే ఒక రికార్డు. టేపును బీరువాలో పెట్టి తాళం వేసి, డ్రైవ్‌ను తుక్కుకు వేసిన రోజునే ఆ రికార్డు పోయింది. ఇంకో మాట. అలా తుక్కుకు పోయిన డ్రైవుల్లో నిజంగా చెడిపోయినవి తక్కువని నా అనుభవం.

‘ఖరాబైంది’ అని రాసే ముందు

2005 ఎండాకాలం. పెద్దపల్లి వైపు ఒక ఆఫీసులో టేప్ డ్రైవ్ రెండుసార్లు మార్చారు, మూడోది కూడా అదే తీరు. చిన్న బ్యాకప్ అయితే పూర్తవుతుంది, పెద్దదైతే సగంలో తెగిపోతుంది. ఒక్కోసారి డ్రైవ్ అసలు కనిపించదు, సర్వర్ ఆపి వేస్తే మళ్లీ కనిపిస్తుంది. నాకంటే ముందు వెళ్లిన ఇద్దరూ కాల్ రిపోర్టులో ‘డ్రైవ్ ఫాల్టీ’ అని రాసి సంతకం చేశారు.

అది స్కజీ డ్రైవ్, అంటే స్కజీ అనే రకం తీగతో సర్వర్‌కు కలిపేది; సర్వర్ బయట విడిగా డబ్బాలో ఉంది. స్కజీ తెలిసినవాళ్లకు వెంటనే తట్టే సంగతే: ఆ తీగకు రెండు కొసల్లోనూ టెర్మినేటర్, అంటే సిగ్నల్‌ను అక్కడితో ఆపే చిన్న ముక్క, ఉండాలి. లేకపోతే పోయిన సిగ్నల్ కొసకు కొట్టుకుని వెనక్కి వస్తుంది, మెట్ల బావిలో కేక వేస్తే మన మాట మీదికే మన మాట తిరిగొచ్చినట్టు. ఒక్క మాట అంటే అర్థమవుతుంది, ఆగకుండా మాట్లాడితే అంతా కలగాపులగం. చిన్న బ్యాకప్ గట్టెక్కడం, పెద్దది తెగిపోవడం అందుకే. డబ్బా వెనక చూస్తే టెర్మినేటర్ ఉండాల్సిన సాకెట్ ఖాళీగా ఉంది, లోపల పిన్నుల మీద సున్నం పొడి.

అటెండర్‌ను అడిగాను. ఆయన టేబుల్ సొరుగు లాగాడు. స్టాప్లర్ పిన్నులు, గోందు సీసా, స్టాంప్ ప్యాడ్, వాటి మధ్య బొటనవేలంత నల్లటి ముక్క. “సున్నాలేసినప్పుడు బల్ల జరిపినం సార్. ఇది ఎనుక కింద పడుంటే ఏందో మూత అనుకొని దాసిపెట్టిన” అన్నాడు. దాచిపెట్టాడు, పారేయలేదు, దానికి ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. పిన్నులు తుడిచి ఆ ముక్క బిగించాక, మూలన పడేసిన మొదటి డ్రైవే తగిలించి చూశాం. రాత్రి బ్యాకప్ ఎక్కడా ఆగలేదు. అంటే అప్పటికే రెండు మంచి డ్రైవులు ‘చెడిపోయినవి’గా లెక్కల్లోకి ఎక్కాయి.

నేను కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట: డ్రైవ్ ఏమంటోందో చదవండి. తప్పు జరిగినప్పుడు అది ఊరుకోదు, సెన్స్ కీ అని ఒక అంకె ఇస్తుంది, సర్వర్ లాగ్‌లో పడుతుంది. 2 వస్తే డ్రైవ్ ఇంకా సిద్ధంగా లేదు. 3 వస్తే మీడియా, అంటే క్యాసెట్, మీద రాత చదవలేకపోయింది. 4 అంటే హార్డ్‌వేర్. 5 అంటే మనం అడిగిందే తప్పు. 6 వస్తే ఏమీ చెడిపోలేదు. రీసెట్ అయిందనో, క్యాసెట్ మారిందనో చెబుతోంది, అంతే. ఆ 6 చూసి డ్రైవ్ మార్చినవాళ్లను చూశాను. 3 చూసి క్యాసెట్ పారేసినవాళ్లనూ చూశాను. టేపును చదివే హెడ్‌కు మురికి పట్టినా డ్రైవ్ 3 అనే అంటుంది, చదవలేకపోవడం దానికి ఒకటే కదా. అంకె చూశాక కూడా తెలిసిన మంచి క్యాసెట్ ఒకటి పెట్టి పోల్చుకుంటే తప్ప తేలదు. పోల్చడానికి పెట్టే క్యాసెట్ ఖాళీదై ఉండాలి. అనుమానం ఉన్న డ్రైవ్‌లో డేటా ఉన్న ఒక్కగానొక్క క్యాసెట్ పెడితే, అది నలిపేసిందంటే ఇక చేసేదేమీ లేదు.

హెడ్ మురికి అన్నాను కాబట్టి జమ్మికుంట దగ్గరి జిన్నింగ్ మిల్లు సంగతి చెప్పాలి. పత్తి సీజన్‌లో ఆ ఆవరణలో గాలి పీల్చితే ముక్కులో పీచు తగులుతుంది. ఆఫీసు గది కిటికీ మిల్లు వైపే. ప్రతి ఏడాదీ దీపావళి దాటాక డ్రైవ్ మీద పసుపు లైటు మొదలు, సంక్రాంతి నాటికి బ్యాకప్ బంద్. వాళ్లు క్లీనింగ్ క్యాసెట్ పెడుతూనే ఉన్నారు, రోజుకు రెండుసార్లు. తీసి చూస్తే ఆ క్యాసెట్ మూడేళ్ల కిందటిది. డాట్ క్లీనింగ్ క్యాసెట్ ఒక్కసారి పెట్టినప్పుడల్లా కొంచెం కొత్త టేపు ముందుకు జరిగి హెడ్‌ను తుడుస్తుంది. కొసకు వచ్చాక వందసార్లు పెట్టినా తుడిచేది ఏమీ లేదు. డ్రైవ్ మూత విప్పితే హెడ్‌ను తిప్పే డ్రమ్ము అంచున దూది పీచు సన్నటి ఉంగరంలా చుట్టుకుని ఉంది. పట్టకారు అంచుతో, ఊపిరి బిగబట్టి దాన్ని తీయడానికి పావుగంట పట్టింది. కొత్త క్లీనింగ్ క్యాసెట్ తెప్పించి, మిషన్‌ను లోపలి గదిలోకి మార్పించి, తలుపు మూసి ఉంచమన్నాను. అదే డ్రైవ్ మరో నాలుగు సీజన్లు పనిచేసింది. అలాగని రోజూ తుడవడం కూడా మంచిది కాదు. ఆ క్లీనింగ్ టేపు గరుకు, మాటిమాటికీ పెడితే హెడ్‌నే అరగదీస్తుంది. లైటు అడిగినప్పుడు పెడితే చాలు.

మన చేతులు చేసే నష్టం

డ్రైవుల వల్ల పోయిన డేటా కంటే తొందరపాటు వల్ల పోయిన డేటానే ఎక్కువ చూశాను. ఒక ఉదాహరణ చాలా బాధ పెట్టింది. ఒక ఆఫీసులో పాత క్యాసెట్‌ను కొత్త బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్‌లో పెట్టారు. ఈ మీడియా ఎవరిదో తెలియడం లేదు, ఇనిషియలైజ్ చేయమంటారా (కొత్తదానిలా సిద్ధం చేయమంటారా) అని తెర మీద ప్రశ్న. కుర్రాడు యెస్ నొక్కాడు. ఆ నొక్కుడు టేపు మొదట్లో ఒక చిన్న లేబుల్ రాసింది, దాని వెంటనే డేటా ఇక్కడితో సరి అన్న గుర్తు పెట్టింది. మిగతా టేపు మీద పాత రాత అంతా ఉంది, కానీ మామూలు డ్రైవ్ ఆ గుర్తు దాటి ముందుకు పోదు. ఇంట్లో అన్నీ ఉండి గుమ్మానికి గోడ కట్టేసినట్టయింది. ఆ అబ్బాయి మంచి పనివాడే, ఎవరూ ముందు చెప్పలేదు, అంతే. అప్పటినుంచి పాత క్యాసెట్ చేతికి రాగానే మొదట చేసే పని, అంచున ఉన్న చిన్న పలకను గోరుతో జరిపి రాత బంద్ చేయడం. ఆ తర్వాతే డ్రైవ్ వైపు చూస్తాను.

కరీంనగర్‌లో ఇంకో చోట, పాత యూనిక్స్ సర్వర్ క్యాసెట్‌ను లినక్స్ మిషన్‌లో పెట్టి చదవబోతే మెమరీ చాలదన్న అర్థం వచ్చే ఎర్రర్ వచ్చింది. నమ్మి మిషన్‌కు ర్యామ్ కొని వేశారు. మళ్లీ అదే. అసలు సంగతి ర్యామ్‌ది కాదు. టేపు మీద రాత ముక్కలుముక్కలుగా, అంటే బ్లాకులుగా ఉంటుంది. మనం అడిగిన ముక్క చిన్నది, టేపు మీద ఉన్న ముక్క పెద్దది, పట్టడం లేదని లినక్స్ టేప్ డ్రైవర్ ఆ మాటల్లో చెబుతుంది. బ్లాక్ సైజు సున్నాకు పెట్టి, అంటే ఏ కొలతలో ఉంటే ఆ కొలతలో తీసుకో అని చెప్పి, పెద్ద కొలతతో చదివిస్తే మొత్తం దిగింది. ఈ వరస తెలియక ఎన్ని మంచి క్యాసెట్ల మీద ‘చదవడం లేదు’ అని రాసి పక్కన పడేశారో.

డిస్కుల సంగతీ ఇంతే. ఏళ్ల తరబడి ఆగకుండా తిరుగుతున్న పాత సర్వర్‌ను కాపీ తీసుకోకుండా ఆపొద్దని మొత్తుకుంటూనే ఉంటాను. మంచిర్యాలలో ఒక ఆఫీసుకు రంగులు వేస్తూ తొమ్మిదేళ్ల సర్వర్‌ను మొదటిసారి రెండు రోజులు ఆపారు. తిరిగి ఆన్ చేస్తే రెయిడ్-5లో, అంటే కొన్ని డిస్కులు కలిసి ఒకటిగా పనిచేసే అమరికలో, రెండు డిస్కులు తిరగలేదు. ఒకటి పోతే ఓర్చుకుంటుంది, రెండు పోతే ఇక లేదు. తిరిగినన్నాళ్లు తిరిగిన బేరింగ్ చల్లబడి బిగుసుకుంటే మళ్లీ కదలడానికి దానికి బలం చాలదు. అక్కడ క్యాసెట్లూ డ్రైవూ రెండూ బాగుండబట్టి మర్నాడు సాయంత్రానికి పని మొదలైంది.

అదే డ్రైవ్ కావాలి

సహకార సంఘం క్యాసెట్లకు వస్తాను. అవి డీడీఎస్-3, అంటే డాట్ క్యాసెట్లలో మూడో తరం, ఒక్కోటి 12 గిగాబైట్లు. ఏ డ్రైవ్ పడితే ఆ డ్రైవ్ చదవదు. డాట్ 72 డ్రైవ్ అయితే డీడీఎస్-3ని చదువుతుంది, దాని తర్వాత వచ్చిన డాట్ 160 చదవదు, డీడీఎస్-4 దగ్గరే ఆగిపోతుంది. కొత్తది కొంటే పాతవన్నీ వచ్చేస్తాయని అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఎల్‌టీఓ అనే ఇంకో రకం టేపులోనూ ఇంతే: ఏడో తరం దాకా డ్రైవ్ వెనకటి రెండు తరాలు చదివేది, ఎనిమిదో, తొమ్మిదో తరాల్లో ఒకటికి తగ్గింది.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో తెలిసిన దుకాణాలన్నిటికీ చెప్పిపెట్టాను. పదకొండు రోజులకు ఒకాయన ఫోన్ చేశాడు, సెకండ్ హ్యాండ్ డాట్ 72 ఉందని. కాజీపేటలో పొద్దున బండెక్కి సాయంత్రానికి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. పాత మిషన్ ఒకటి తీసి స్కజీ కార్డు బిగించి, కొసకు టెర్మినేటర్ పెట్టి, హెడ్ తుడిచి, ఖాళీ క్యాసెట్ మీద రెండు రోజులు రాయించి చదివించి చూశాను. సంఘం క్యాసెట్లను ఒక పగలూ ఒక రాత్రీ ఆ గదిలోనే ఉంచాను, గది వేడికి, తేమకు అలవాటు పడాలి కదా. అప్పుడు మొదటిది పెట్టాను.

లోపలికి లాక్కుంటున్నప్పుడు వచ్చే చప్పుడు తెలిసినవాళ్లకు తెలుసు. చిన్న కిర్రు, ఒక టక్కు, తర్వాత డ్రమ్ము వేగం అందుకునే సన్నటి ఈల. ఆ ఈల నిలకడగా సాగితే ప్రాణం లేచొస్తుంది. 2003 నవంబర్ క్యాసెట్ మొత్తం, ఒక్క చోట కూడా తడబడకుండా చదివింది. ఆ రాత్రి పన్నెండున్నరకు 2004 మార్చి క్యాసెట్ దిగింది. లోపల ఉన్నవి ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు. అవి ఇవ్వాళ్టి స్ప్రెడ్‌షీట్‌లో రెండు నిమిషాల్లో తెరుచుకున్నాయి. ఆ రైతు సభ్యత్వం నంబరు వెతికితే చివరి కిస్తు, తేదీ, రసీదు నంబరు, నిలువ సున్నా. ఆ సున్నాను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

అలా 19 వచ్చాయి. మిగిలిన ఎనిమిది రాలేదు. సెన్స్ కీ మూడు, మూడు, మూడు అంటూనే ఉంది డ్రైవ్. తుడిచి చూశాను, బ్లాక్ కొలతలు మార్చి చూశాను, లాభం లేదు. క్యాసెట్లు తేదీల వరసలో పేర్చి చూశాక వీపు మీద చెమట పట్టింది. వచ్చినవన్నీ 2006 జూన్ దాకా. రానివన్నీ ఆగస్టు తర్వాతవి. మర్నాడు ఆఫీసుకు పోయి పాత ఫైళ్లు తిరగేయించాను. 2006 జూలైలో డ్రైవ్‌ను రిపేరుకు పంపి తెచ్చిన చీటీ దొరికింది.

డాట్ డ్రైవ్ టేపు పొడవునా గీత గీసినట్టు రాయదు. తిరిగే డ్రమ్ము మీద హెడ్ ఉంటుంది, టేపు మీద ఏటవాలుగా ఒకదాని పక్కన ఒకటి గీతలు వేస్తుంది. డీడీఎస్-3లో ఒక్కో గీత వెడల్పు దాదాపు తొమ్మిది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). టేపును దారిలో పెట్టే గైడు రవ్వంత పక్కకు జరిగినా ఆ వాలు మారిపోతుంది. మారాక కూడా ఆ డ్రైవ్ తను రాసింది తను చదువుకుంటుంది, ఎందుకంటే రాతా చూపూ రెండూ ఒకే వంకర. ఇంకో డ్రైవ్‌కు మాత్రం అది అర్థం కాదు. రిపేరు చేసినచోట ఆ గైడు కదిలింది, నాకు సందేహం లేదు. ఆ తర్వాత రెండేళ్లపాటు బ్యాకప్ అయిందని, వెరిఫై కూడా అయిందని రిజిస్టర్‌లో ప్రతి నెలా టిక్కులు ఉన్నాయి. ఆ టిక్కులన్నీ నిజమే. రిపేరు నుంచి వచ్చిన రోజున పాత క్యాసెట్ ఒకటి పెట్టి చూసి ఉంటే అప్పుడే బయటపడేది. ఎవరూ పెట్టలేదు.

అందుకే ఆ మోడల్ దొరికితే చాలదంటాను. ఆ ఎనిమిది క్యాసెట్లకు తాళంచెవి ఆ ఒక్క డ్రైవే, అది కాంటా మీద ఇనుము ధరకు పోయింది.

ఎదురు చెప్పేవాళ్ల మాటలు

సికింద్రాబాద్‌లో ఉండే నా పాత సహోద్యోగితో ఇదంతా చెబితే ఆయన ఒప్పుకోలేదు. “అన్నా, అవసరమైన డేటా అయితే ఎప్పుడో కొత్త సర్వర్‌లకు మార్చుకునేవాళ్లు. మార్చలేదంటే అవసరం లేదనే కదా. ప్రతి ఆఫీసూ పాత డ్రైవులకు గది కట్టుకుంటదా?” అన్నాడు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు నడుస్తున్న ఖాతాలనే తీసుకుపోతారు, ముగిసిన ఖాతాలు వదిలేస్తారు. ఖర్చు, సమయం రెండూ కలిసొస్తాయి. కానీ జనానికి ఇరవై ఏళ్ల తర్వాత కావలసి వచ్చేది సరిగ్గా ఆ ముగిసిన ఖాతాయే. అప్పు నడుస్తున్నంత కాలం రుజువు ఎవరూ అడగరు. తీరిపోయిందని రుజువు అడుగుతారు.

ఇంకో మాట అన్నాడు, దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. డ్రైవ్‌ను ఉంచినంత మాత్రాన అది బతికి ఉంటుందా అని. ఉండదు. మూలన పెట్టిన డ్రైవ్‌లో రబ్బరు రోలర్లు గట్టిపడతాయి. పాత క్వార్టర్ ఇంచ్ కాట్రిడ్జ్ డ్రైవులైతే మరీ ఘోరం, రోలర్ తారులా కరిగిపోయి వేలికి అంటుకుంటుంది. కాబట్టి పదికాలాల పాటు డ్రైవ్‌ను అల్మారాలో దాచమని నేను అనను. డ్రైవ్ నడుస్తున్నప్పుడే క్యాసెట్లన్నీ ఒక్కొక్కటిగా డిస్కు మీదికి దించాలి, దించినది తెరుచుకుంటుందో లేదో ఎవరైనా కూర్చుని చూడాలి, ఆ తర్వాత రెండింటినీ కలిపే సాగనంపాలి. ఈ పని అయ్యేదాకా డ్రైవ్‌కు వేలం లేదు. నేను అడిగేది ఇంతే.

అవసరం లేని డేటా అయితే క్యాసెట్లను కూడా సరిగ్గా ధ్వంసం చేయాలి, అక్కడ నా మిత్రుడితో నాకు తగాదా లేదు. డ్రైవ్ తీసేసి క్యాసెట్లు ఉంచుకుంటే రెండు విధాలా నష్టం. మనకు చదవడానికి రాదు. రేపు ఆ బీరువాను అలాగే అమ్మేస్తే, సరైన డ్రైవ్ ఉన్న ఎవడికైనా సభ్యుల పేర్లు, అప్పులు అన్నీ చదవడానికి వస్తాయి.

టేపుల కాలం అయిపోయిందని కూడా చాలామంది అంటారు. 2011 ఫిబ్రవరిలో గూగుల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఖాళీ అయిపోతే, వాళ్లు తిరిగి తెచ్చుకున్నది టేపుల మీద నుంచే. నాసా సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 1966, 67లో చంద్రుడి చుట్టూ తిరిగిన లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన బొమ్మలు పెద్ద టేపుల మీద ఉండేవి. నాన్సీ ఎవాన్స్ అనే ఆమె ఆ టేపులను పారేయనివ్వలేదు. అంతటితో ఆగకుండా వాటిని చదివే ఆంపెక్స్ డ్రైవులను కూడా సంపాదించి తన ఇంటి గ్యారేజీలో ఏళ్ల తరబడి ఉంచింది. 2008లో ఆ డ్రైవులను బాగుచేసి, చంద్రుడి అంచు మీద భూమి కనిపించే 1966 నాటి బొమ్మను అంతకుముందు ఎవరూ చూడనంత స్పష్టంగా బయటికి తీశారు. టేపులు మాత్రమే మిగిలి ఉంటే వాళ్లు ఏం చేయగలిగేవాళ్లు? ఆమె ఆ ఇనుప డబ్బాలకు గ్యారేజీలో చోటిచ్చింది. మన ఆఫీసుల్లో ఆ చోటు ఒక బల్ల కింద సరిపోతుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఏఎంసీలో ఉన్న రోజుల్లో కండెమ్నేషన్ రిపోర్టుల మీద, అంటే యంత్రం ఇక పనికిరాదని తీసేయమనే కాగితాల మీద, నేనూ సంతకాలు చేశాను. ‘రిపేరు గిట్టుబాటు కాదు’ అన్న వాక్యం కింద నా పేరు ఎన్ని ఆఫీసుల ఫైళ్లలో ఉందో. అందులో యంత్రం పేరు, కొన్న తేదీ, సీరియల్ నంబరు, ధర అన్నీ రాయడానికి గళ్లు ఉంటాయి. దీనితో రాసిన క్యాసెట్లు ఎన్ని, ఎక్కడున్నాయి, దించారా లేదా అన్న గడి లేదు. ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఒక్క గడి అదనంగా ఉంటే నా కలం కొంచెం ఆగేదేమో. కమిటీలో కూర్చునేవాళ్లకు టేపుల సంగతి తెలియకపోవచ్చు. అక్కడ నిలబడ్డ ఇంజనీరుకు తెలుసు, అతనే అడగాలి. ఈ పోస్టు చదివేవాళ్లలో అలాంటి రిపోర్టులు రాసేవాళ్లు ఉంటే, గడి లేకపోయినా కింద ఖాళీలో ఆ ఒక్క లైను రాయమని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఆ ఎనిమిది

పోయిన వారం ఆ అబ్బాయికి కాగితం అందింది. సూపరింటెండెంటు గారు ఫోన్ చేసి చెప్పారు. 19 క్యాసెట్ల డేటా రెండు డిస్కుల మీద ఉంది, ఒకటి ఆఫీసులో, ఒకటి వాళ్ల హెడ్డాఫీసులో. డాట్ 72 డ్రైవ్ మాత్రం ఆఫీసుకు ఇవ్వలేదు, ఇంకా నా బల్ల మీదే ఉంది.

ఆ ఎనిమిదీ స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి, నా దగ్గరే ఉంచాను. వాటిని రప్పించే దారి ఒకటి ఉంది. ఇంకో డ్రైవ్ తీసుకుని, దాని గైడును రవ్వంత రవ్వంత తిప్పుతూ, పాత డ్రైవ్ ఎంత వంకర పోయిందో అంత వంకరకు దీన్నీ తీసుకురావాలి. అది చేయాలంటే ప్రయోగానికి ఒక డ్రైవ్ పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి, ఎనిమిదిలో ఒక క్యాసెట్ నలిగే ప్రమాదానికి కూడా. ఏ క్యాసెట్ ముందు పెట్టాలో సూపరింటెండెంటు గారితో కూర్చుని నిర్ణయించుకున్నాం: 2007 సెప్టెంబర్ నెలాఖరుది. దాని తర్వాత నెల క్యాసెట్‌లో అవే ఖాతాలు ఎక్కువ భాగం మళ్లీ ఉంటాయి కాబట్టి.

“ఎన్ని దినాలు వట్టినా వట్టనీ తమ్మీ, పైలంగ జెయ్” అన్నారాయన. సీటీసీలో రెండో డ్రైవ్‌కు చెప్పిపెట్టాను. దానితోపాటు కాశిబుగ్గలో ఆ రోజు వేలం పాడిన పాత సామాన్ల దుకాణానికి కూడా రెండుసార్లు పోయొచ్చాను. నాలుగేళ్ల కిందటి సరుకు ఎప్పుడో కరిగిపోయి ఉంటుందన్నాడు యజమాని. వెనక గోడౌనులో విప్పని సర్వర్ డబ్బాలు కొన్ని ఇంకా ఉన్నాయట, ఆదివారం వచ్చి చూసుకొమ్మన్నాడు. డ్రైవ్ సీరియల్ నంబరు 2006 రిపేరు చీటీ మీద ఉంది, దాన్ని రాసి జేబులో పెట్టుకున్నాను.